అనసూర్యను అడగని ప్రశ్న

లింగమూర్తి గొడుగు పట్టుకుని మరీ తడిసి వచ్చాడు. గొడుగు కింద నోటుబుక్కు ఉంది, ఆయన బయట ఉన్నాడు. డెబ్బైమూడులో గోదావరిఖనిలో కురిసిన వాన మీరు చూడలేదు. ఆ వానకు కప్పలు కూడా చూరు కింద చేరి మనుషులను కాస్త జరగమన్నాయి.

"ఎవలు కావాలె?" తలుపు తీసి అడిగింది అనసూర్య.

"రాయమల్లు కాక ఇల్లు ఇదేనా? యూనివర్సిటీ నుంచి వచ్చిన. బొగ్గుబావుల చరిత్ర రాస్తున్న."

"చరిత్ర తర్వాత రాద్దురు గని, ముందు తల తుడుచుకోండ్రి సారు."

తువాల ఇస్తే ఆయన నోటుబుక్కు అట్ట తుడిచాడు. అనసూర్యకు నవ్వొచ్చింది. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది.

అనసూర్య తండ్రి రాయమల్లు బావిలో షిఫ్టు దిగి వచ్చాక లింగమూర్తి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇంటిపేరేమిటి? తాతలది ఏ ఊరు? భూమి ఎంత ఉండేది? దాన్ని వదిలి బొగ్గులోకి ఎందుకు దిగారు? పిల్లలెందరు, పెళ్లిళ్లయ్యాయా?

వంటింట్లో తల్లి లింగవ్వ చెవులు నిక్కబొడుచుకుంది. ఇన్ని ఆరాలు తీసేది పెళ్లికొడుకు తరఫువాళ్లే. చాయ్‌లో చక్కెర రెట్టింపయింది.

మర్నాడు ఆయన పక్కింటి పోశవ్వనూ అవే అడిగాడు. ఆమెకు ముగ్గురు కూతుళ్లు. వారం తిరిగేసరికి ఆ కార్మికుల ఇళ్ల లైనులో కోళ్లన్నీ కూరైపోయాయి. పదకొండు ఇళ్లకు అల్లుడు ఒక్కడే!

ఎనిమిదోనాడు నల్లా దగ్గర గుట్టు రట్టయింది.

"మా అల్లునికి నువ్వెందుకు చాయ్ పోస్తున్నవే లింగవ్వా?" అంది పోశవ్వ.

"నీ అల్లుడా? మా ముత్తాత పేరు గూడ రాసుకపోయిండు!"

సంగతి తెలిసి రాయమల్లు అగ్గయ్యాడు. "ఇన్ని ఆరాలు పుస్తకానికా సారు? మా ఇంట్ల బట్టలు గూడ లెక్కవెట్టిన్రు!"

లింగమూర్తి చేతులు జోడించి, ఆ సాయంత్రమే రామగుండంలో రైలెక్కాడు.

అనసూర్యకు అది పెళ్లిచూపులు కాదని మొదటిరోజే తెలుసు. ఆయన్ను ఇంటింటికీ తిప్పింది తనే. ఆమె ఎదురుగా ఉంటే ఆయన కలం తడబడేది, రాసిన మాటే మళ్లీ రాసేవాడు. కానీ పోశవ్వ చెవిటి అత్తను సైతం అరిచి మరీ ప్రశ్నలడిగిన మనిషి, తనను ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. అదే గుచ్చుకుంది. వానలు పోయాయి, చలి వచ్చింది, ఎండలకు బొగ్గు కూడా తెల్లబోయింది. సైరన్ మోగితే ఊరంతా షిఫ్టు కోసం కదిలేది. ఆమె మాత్రం స్టేషన్ నుంచి వచ్చే బస్సు వైపు చూసేది.

మళ్లీ తొలకరికి తలుపు చప్పుడైంది. లింగమూర్తి!

"ఏం మర్చిపోయిన్రు సారు?" అంది.

"ఒక్కటి అడగాలె."

"ఆగుండ్రి, బాపును పిలుస్త."

"కాకను కాదు. నిన్ను."

"నిరుడు ఊరందరిని అడిగిన్రు. నేనొక్కదాన్నే కనవడలేదా?"

"చరిత్ర రాసేటోడు ఏ జవాబొచ్చినా రాసుకోవాలె అనసూర్యా. నువ్వు వద్దంటే, అది రాసుకునే ధైర్యం నాకు లేకుండె."

"ఇప్పుడున్నదా?"

"ఇప్పుడూ లేదు. లేకున్నా అడుగుతున్న. నన్ను చేసుకుంటవా?"

చూరు నీళ్లు ఆయన భుజం మీద పడుతున్నా ఆయన జరగలేదు.

లోపలి నుంచి రాయమల్లు కేక వేశాడు. "ఎవలే అది?"

"పెండ్లికొడుకు, బాపు."

"ఏ ఇంటికి వచ్చిండట?"

అనసూర్య తలుపు బార్లా తెరిచింది.

"ఈసారి మనింటికే."