కుడి తలుపు పక్కన

మార్త కాఫీ గ్లాసుతో వాకిట్లోకి వచ్చేసరికి శౌరయ్య అంబాసిడర్ అద్దాలు తుడుస్తున్నాడు. పామర్రు నుంచి బెజవాడకి టాక్సీ నడపడమే ఆయన బతుకు. నిలబడే కాఫీ తాగి, గ్లాసు కూతురికిచ్చి, కారు కుడి తలుపు తీశాడు. ఎవరో చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కేదాకా ఆగినట్టు ఆగాడు. తలుపు నెమ్మదిగా వేసి, చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమ తలుపులోంచి ఎక్కి స్టీరింగు ముందుకి జరిగాడు. ఆయనకీ కుడి తలుపుకీ మధ్య జానెడు ఖాళీ మిగిలింది.

ఈ దారి టాక్సీల్లో ఐదుగురు పట్టేచోట పదిమందిని కుక్కడం మామూలే. ఆఖరివాడికి డ్రైవరు కుడిపక్కన, తలుపుని ఆనుకుని చోటిస్తారు. బెజవాడ వెళ్ళే రోజుల్లో శౌరయ్య భార్య అమలమ్మ, డబ్బిచ్చి ఎక్కే బేరాలకి సీటు వదిలేసి తానే అక్కడ ఇరుక్కునేది. కిందటి వేసవిలో ఉయ్యూరు మలుపులో గడియ ఊడి ఆ తలుపు తెరుచుకుంది. అమలమ్మ ఇంటికి ప్రాణంతో రాలేదు.

"ఇవాళ కూడా అమ్మని ఎక్కించాడా?" అరుగు మీద నుంచి సంజీవరావు అడిగాడు.

"నెమ్మదిగా అన్నయ్యా, వింటాడు."

"వినాలనే అంటున్నా."

ఎమర్జెన్సీ వచ్చాక రోడ్ల మీద తనిఖీలు గట్టిపడ్డాయి. డ్రైవరు చేతులకి అడ్డంగా ఎవరూ కూర్చోకూడదన్నది పాత రూలే, ఇప్పుడు దాన్ని అమలు చేస్తున్నారు. పోయినవారం కంకిపాడులో ఒక హెడ్ కానిస్టేబుల్ కారు ఆపాడు. "ఆడమనిషిని తలుపు పక్కన ఇరికించుకుని తోలతావా? బుద్ధుందా?" అని గద్దించాడు. "తప్పేనండి," అన్నాడు శౌరయ్య. వెనక సీట్లో ఉన్న సంజీవరావు ముందుకి వంగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

దాని ఫలితంగా ఇవాళ బెజవాడలో బ్రేక్ ఇన్స్పెక్టరు ముందు శౌరయ్య బండి నడిపి చూపించాలి. ఇలాగే పక్కకి ఒరిగి నడిపితే లైసెన్సు పోతుంది. స్టీరింగు వదిలేసి ఇంట్లో కూర్చుంటే ఆయన ఎక్కువ కాలం బతకడని మార్తకి తెలుసు.

సంజీవరావు వచ్చి కిటికీలోంచి చెయ్యి చాపాడు. "తాళం ఇటివ్వు నాన్నా. ఇన్స్పెక్టరు ముందు నువ్విలా కూర్చుంటే పరువు పోద్ది."

"ఎలా కూర్చున్నాన్రా?"

"పక్కన ఎవరో ఉన్నట్టు!"

"ఉంటే నీకేంట్రా నొప్పి?"

"లేదు నాన్నా! సమాధుల తోటలో నా చేత్తో మట్టేశా. ఎవర్ని మభ్యపెడతావు?"

శౌరయ్య కొడుకు వైపు చూడలేదు. "నేనటు జరిగితే మీ అమ్మ పడిపోద్దిరా," అన్నాడు, పక్కవాళ్ళకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి.

సంజీవరావు చాపిన చెయ్యి కిందికి దిగిపోయింది. మార్త చూడకూడదనుకుంటూనే ఆ ఖాళీ వైపు చూసింది. రెక్సిన్ సీటు అక్కడ కాస్త లోపలికి అణిగినట్టుంది. కళ్ళు మూసి తెరిచింది. అణిగే ఉంది.

ఎంత ఇరుకు! ఇంట్లోనూ అమ్మ అంతే. చాప అంచున పడుకునేది, గుమ్మం పక్కన కంచం పెట్టుకుని తినేది. "నేను సర్దుకుంటాలే," అనేది. అంటుంటే అందరూ హాయిగా కాళ్ళు చాపుకునేవాళ్ళు, మార్తతో సహా. పోయాక కూడా ఈ ఇల్లు ఆమెకిచ్చింది ఆ జానెడేనా?

మార్త వెళ్ళి కుడి తలుపు తీసింది. "అమ్మా, దిగు."

కాసేపు ఆగి వెనక తలుపు తీసింది. "ఇటురా. ఇవాళ బేరాలు ఎక్కించం. సీటంతా నీదే, కాళ్ళు చాపుకో."

"నీక్కూడా పట్టిందా?" అన్నాడు సంజీవరావు.

"నువ్వు ముందెక్కు అన్నయ్యా. నేనూ ముందే కూర్చుంటా. వెనక్కి ఎవరూ వద్దు."

అతను చెల్లెలి మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత వెనక సీటు మీదున్న జాకీ, రాడ్డు తీసి డిక్కీలో పడేశాడు. భుజం మీది తువ్వాలుతో సీటంతా తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ అదే తువ్వాలులో మొహం దాచుకుని ఏడ్చాడు.

"ఎక్కిందా?" అన్నాడు శౌరయ్య.

మార్త తలుపు చప్పుడు కాకుండా వేసింది. "ఎక్కింది నాన్నా."

శౌరయ్య చల్లటి నీళ్ళలోకి దిగుతున్నవాడిలా కొద్దికొద్దిగా కుడివైపు జరిగాడు. భుజం తలుపుకి తగలగానే పెదవులు అదిరాయి. కొడుకు ఎక్కి, కూర్చుని, తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆయన దాన్ని తియ్యలేదు.

ఉయ్యూరు మలుపులో శౌరయ్య బండి బాగా నెమ్మది చేశాడు. రోడ్డు పక్కన బుట్టతో నిలబడ్డ ముసలామె, తన కోసమే ఆపుతున్నాడనుకుని చెయ్యెత్తుతూ దగ్గరికొచ్చింది. వెనక కిటికీలోంచి తొంగిచూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దులే బాబూ, నేను బస్సుకి పోతా. పాపం మంచి నిద్రలో ఉంది, లేపమాక."

ముందు సీట్లో ముగ్గురిలో ఎవరూ వెనక్కి తిరగలేదు. శౌరయ్య హారను కొట్టకుండా మలుపు తిప్పాడు.