దిద్దని చేతులు

ఆ రోజు నాలుగో స్వరూపం ఒక తోలుబొమ్మ; బొమ్మలు చేసే రంగోజి తన రూపాన్నే తోలులో చేసి పంపాడు. తారకేశ్వరి దాన్ని దీపపు బల్ల మీద పరిచిందో లేదో, స్వరూపాల్లో మచ్చలు వెతికే యంత్రం తూనిక ఎర్రబడింది. ఆమె విసుక్కోలేదు. తొమ్మిదేళ్ళుగా దిద్దరి పని చేస్తున్న మనిషికి ఎరుపంటే పొయ్యి మీద పాలు పొంగినట్టే. తుడిస్తే పోతుంది.

"చేతులు సరిపోలేదు," అంది తూనిక. "ముఖం రంగోజిది. చేతులు ఆడమనిషివి. ఉలి ఎడమచేతిలో ఉంది, రంగోజిది కుడిచేతివాటం. దిద్దండి. ముద్ర సాయంత్రం ఐదింటికి."

ముద్ర పడ్డాక అసలు బొమ్మ కొలిమిలోకి పోతుంది, దిద్దిన నకలు మిగులుతుంది. రంగోజి కన్నుమూసిన మర్నాడు ఆ నకలులోంచి అతని ఉత్తరరూపం లేచి, అతనిలాగే బొమ్మలు చేస్తూ పోతుంది. కళాకారుడు తన్ను తాను చూపించుకు తీరాలని చట్టం. చూపించుకున్నదాంట్లో మచ్చ ఉండకూడదనీ అదే చట్టం. ఈ రెండు ముక్కలూ రాసినవాడు ఒక్కడేనా అని తారకేశ్వరికి మొదట్లో నవ్వొచ్చేది. ఉమాకాంతం దగ్గర ఆ నవ్వు పోయింది.

ఉమాకాంతం, అమ్మ మీద కథలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. మూడేళ్ళ కిందట తన స్వరూపం రాసి పంపాడు. అందులో ఒక పేరా ఉంది. తల్లి ఆఖరి రోజున పక్క గదిలోంచి మంచినీళ్ళు అడిగిందట. ఆ క్షణాన ఆయన ఆమె మీదే కథ రాస్తున్నాడు. వాక్యం పూర్తిచేసి లేచి వెళ్ళేసరికి ఆమె లేదు. తూనిక ఎర్రబడింది, తారకేశ్వరి ఆ పేరా తీసేసింది. చేతిలో టీ చల్లారకముందే అయిపోయిన పని. నెల తిరక్కుండా ఆయన పోయాడు. ఇప్పుడు రోజూ ఐదింటికి ఆయన ఉత్తరరూపం ఊరంతా, ఈ హాల్లో కూడా, గోడల మీద పిల్లలకోసం ఒక అమ్మ కథ రాస్తుంది. ఆ కథల్లో కొడుకు అమ్మ పిలవకముందే లేస్తాడు. ఆ వేళకు తారకేశ్వరి గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది. తీసేసిన పేరా మాత్రం ఆమెకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

దిద్దేముందు మనిషికి చెప్పాలన్నది నియమం. ధర్మవరం అవతల పల్లెలో ఉన్న రంగోజికి ఫోన్ చేసి, చేతులు మార్చాల్సి ఉంటుందని మామూలు గొంతుతోనే చెప్పింది.

"ఆ చేతులు మా యక్క తుకాబాయివమ్మా," అన్నాడు ముసలాయన. "నా పేరుతో యాడాడ బొమ్మలుండాయో, అన్నీ ఆమె చేసిండేవే. శాలువాలు కప్పించుకునేకి నేను పోతాంటి. ఆమె ఇంట్లో తోలు గీక్కుంటా ఉండె."

ఈ మాట ఆమె ఉన్నప్పుడే చెప్పొచ్చు కదా అని అడిగింది తారకేశ్వరి. అడిగాక, తనకు ఆ హక్కు ఎక్కడిదని సిగ్గుపడింది.

"నలభై ఏండ్లు నోరు రాలేదు. ఆమె పోయి ఆరేండ్లాయ. మొన్న నా బొమ్మ నేను చేసుకుందామని కూకుంటే, చేతుల కాడికొచ్చేసరికి నావి రాలేదు. అవే వచ్చె. నువ్వు దిద్దితే మా యక్క ఇంగ యాడా ఉండదు." తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఇట్లాంటివి శానా దిద్దింటావు గదమ్మా?"

"దిద్దాను తాతా," అంది. ఫోన్ పెట్టేసి బల్ల దగ్గరికి జరిగింది.

ఐదు కావడానికి పది నిమిషాలుంది. బల్ల అంచున, స్వరూపాన్ని దిద్దకుండానే ముద్రకు పంపే మీట ఒకటి ఎవరూ వాడక దుమ్ము పట్టి ఉంది. దిద్దని స్వరూపానికి కొలిమి ఉండదు. ఆమె పైట చెంగుతో మీట తుడిచి నొక్కింది. చేతులు తుకాబాయివి, బొమ్మలూ ఆమెవే అని కింద రాసింది.

"దిద్దనిదానికి దిద్దరి పూచీ పడాలి," అంది తూనిక. "పడితే మీ పాత దిద్దుబాట్లన్నీ తిరగతోడతాం. మీ ఉద్యోగం ఉండదు. ఒప్పుకుంటారా?"

ఇంట్లో ఇది విని ఎవరేమంటారో ఆమెకు తెలుసు. ఒప్పుకుంటానంది. ముందుగా ఉమాకాంతం స్వరూపాన్ని తెరవమంది.

"అసలు ప్రతి లేదు. కాలిపోయింది."

"నా దగ్గరుంది," అని ఆ పేరా మొత్తం ఎక్కడా ఆగకుండా రాసేసింది. తూనికలో ఎరుపూ రాలేదు, పచ్చా రాలేదు; పేరా మాత్రం ఆయన స్వరూపంలో చేరిపోయింది.

ఐదైంది. రంగోజి ముఖం మీదా, తుకాబాయి చేతుల మీదా ఒకే ముద్ర పడింది. తారకేశ్వరి మూడేళ్ళలో మొదటిసారి కుర్చీ గోడవైపు తిప్పుకుంది. గోడ మీద ఆనాటి కథ మొదలైంది. అమ్మ పక్క గదిలోంచి మంచినీళ్ళు అడిగింది. అక్కడ అక్షరాలు ఆగాయి. హాల్లో మిగతా దిద్దరులు తలలెత్తి చూశారు. అంతసేపు అవి ఎన్నడూ ఆగలేదు.

తర్వాత గోడ మీద ఒక వాక్యం వచ్చింది.

నేను వెంటనే లేవలేదు.