గాలి తగ్గేదాకా ఎత్తను

"గాలి తగ్గేదాకా నేను ఎత్తను," అన్నాను క్రేన్ క్యాబిన్‌లోంచి.

"గాలెక్కడుంది? ఆకు కూడా కదలట్లేదు!" అంది షిహో. ఆ మాట అంటుండగానే ఆమె టోపీ ఎగిరి కొండ దిగువన సముద్రం వైపు పోయింది.

నేను నవ్వలేదు. నవ్వితే నన్ను అక్కడే పాతిపెట్టేలా ఉంది.

తొకొనమె ఊళ్ళో క్రేన్ నడుపుతూ పైపులూ బండలూ చాలా ఎత్తాను గానీ, కాల్చిన మట్టి శిల్పాన్ని ఎత్తడం ఇదే మొదలు. షిహోకీ ఇదే మొదలు. ఇన్నేళ్ళూ ఆమె అరచేతిలో పట్టే బొమ్మలే చేసింది. ఆరుబయట నిలబడే పెద్ద పని ఇప్పుడే దొరికింది. మూడు భాగాలు, ఒకదాని మీద ఒకటి. కింది రెండూ నిన్ననే కూర్చున్నాయి. పైభాగం మాత్రం రెండుసార్లు బట్టీలోనే చీలింది. ఇప్పుడు నా క్రేన్ బెల్టులకి కట్టి ఉన్నది మూడోసారి కాల్చింది.

ఇది పగిలితే మళ్ళీ చేయడానికి గడువు లేదు. అప్పుడు షిహో అవాజీ దీవికి వెళ్ళిపోయి, వాళ్ళ నాన్న పెంకుల ఫ్యాక్టరీలో కూర్చోవాలి. ఆయనతో ఒప్పందం అదేనట. నిన్న భోజనాల దగ్గర ఆమే చెప్పింది. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

"తొకురా గారూ, మీరు మనిషా, బండరాయా? రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు. మీరేమో దర్జాగా కాఫీ తాగుతున్నారు!"

ఆ కాఫీ డబ్బా ఎప్పుడో ఖాళీ అయిందని ఎలా చెప్పను?

కింద మా మేస్త్రీ ఇసొగాయ్ పకపకా నవ్వాడు. "వాడంతేనమ్మా. గాలంటే భయం, ఆడపిల్లలంటే మరీ భయం."

మధ్యాహ్నానికి గాలి తగ్గింది. షిహో పరంజా ఎక్కింది. మేస్త్రీ చెయ్యి ఊపాడు. ఎత్తాను.

శిల్పం పరంజా పక్కకి వచ్చిందో లేదో, ఒక్క విసురు గాలి కొట్టింది. అది అటూ ఇటూ ఊగింది.

"ఆపండి!" షిహో అరిచింది.

ఆపాను. ఊగడం మానేదాకా ఊపిరి కూడా తీసుకోలేదు. ఆ తర్వాత వెంట్రుకవాసి చొప్పున దించుతూ వచ్చాను.

సరిగ్గా కూర్చునే క్షణంలో 'ఠంగ్'మంది.

మేస్త్రీ మొహం పాలిపోయింది. షిహో మట్టికి చెవి ఆనించి వేలి కణుపుతో కొట్టింది. బాగుంటే గంటలా మోగుతుంది, బీటవారితే చప్పగా పలుకుతుంది. ఇంజను హోరులో నాకేమీ వినపడక ఇంజను ఆపేశాను. ఆమె ఇంకోచోట కొట్టింది. మళ్ళీ ఇంకోచోట. ఆమె మొహం చూసే ధైర్యం లేక కళ్ళు మూసుకున్నాను.

"బాగుంది!" అని కేక వినిపించింది. "కొక్కెం పరంజాకి తగిలిందంతే! బాగుంది, తొకురా గారూ!"

క్యాబిన్ దిగబోయి మెట్టు మీదే కూలబడ్డాను. షిహో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అయ్యో, ఏంటండీ ఈ చెమటలు? పగిలితే పోయేది నా బతుకు. మధ్యలో మీకేం పోతుందని?"

"మీరు అవాజీ వెళ్ళిపోతారు," అన్నాను. "నాకు పోయేది అదే."

మేస్త్రీ ఉన్నట్టుండి బెల్టులు మడతపెట్టే పనిలో మునిగిపోయాడు. షిహో చెవులు ఎర్రబడ్డాయి. సముద్రం వైపు తిరిగింది. కోపం వచ్చిందేమోనని నా ప్రాణం గిలగిలలాడింది.

"రేపు మా నాన్న వస్తున్నారు," అంది. "ఆయన దృష్టిలో పెంకు కానిది మట్టిపనే కాదు. ఆయన ముందు ఈ మాట అనగలరా?"

"అంటాను." గొంతు పీలగా వచ్చింది.

"అలా అంటే కుదరదు. ఆయనకి సరిగా వినపడదు."

లేచి నిలబడి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచాను. "మీ అమ్మాయంటే నాకు ప్రాణమండీ! ఆమె వెళ్ళిపోతే నేను ఉండలేను!"

కింద రేవులో చేపలు పట్టేవాళ్ళు తలలెత్తి చూశారు. షిహో వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"నాన్నకి బాగానే వినపడుతుంది లెండి," అంది.