టోపీల బజారులో దూజా

రొట్టె ముక్కను ఆలివ్ నూనెలో ముంచుకుంటూ హసూనా ఆ ఉదయం అసలు సంగతి బయటపెట్టాడు. "కొట్టు ఇచ్చేస్తున్నాను. కాఫీ హోటలాయన ఇవాళే తాళాలు తీసుకుంటాడు."

కూతురు దూజా చేతిలో ఊలు సూదులు ఆగిపోయాయి. ట్యూనిస్ పాతబస్తీలో ఎర్ర టోపీల బజారంటే ఒకప్పుడు కాలు పెట్టే సందు ఉండేది కాదు. హసూనా తాతల కాలంలో అక్కడి టోపీలు ఎడారులు, సముద్రాలు దాటి వెళ్లేవి. ఇప్పుడు పెట్టుకునేవాళ్లు తగ్గి, కొట్లు ఒక్కొక్కటే కాఫీ హోటళ్లయిపోతున్నాయి.

"కొట్లో నేను కూర్చుంటాను నాన్నా."

"నువ్వా? ఆ బజార్లో గల్లాపెట్టె దగ్గర ఆడపిల్లను ఎప్పుడైనా చూశావా?"

తల్లి జోహ్రా టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "మీరమ్మే టోపీలు అల్లేది మేమేగా! ఇంట్లో అల్లితే పరువూ, గడప దాటి అమ్మితే సిగ్గూనా? ఇదెక్కడి న్యాయమండీ?"

"బజారు సంగతి నీకేం తెలుసు!" అని విసురుగా లేచి వెళ్లిపోయాడు హసూనా.

దూజా ఊరుకోలేదు. శాలువా చుట్టుకుని వెనకాలే బయల్దేరింది.

కొట్లో కాఫీ హోటలాయన అప్పటికే అటూ ఇటూ కొలుస్తున్నాడు. "ఈ చెక్కబల్ల పీకేస్తే కుర్చీలు బాగా పడతాయి." హసూనా చెయ్యి తనకు తెలియకుండానే బల్ల మీదికి వెళ్లింది. వాళ్ల నాన్న నూగు లేచేలా ఎండిన ముళ్లకాయతో టోపీలు దువ్విన బల్ల అది.

ఇంతలో ఏటా ట్రిపోలీ నుంచి వచ్చే వర్తకుడు మిఫ్తాహ్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఎప్పట్లాగే మావాళ్లు పెట్టుకునే నల్లటోపీలు కావాలి హసూనా. మావైపు పెళ్లిళ్లు మొదలవుతున్నాయి."

"మూసేస్తున్నానయ్యా..." అన్నాడు హసూనా.

"ఉన్నాయి బాబాయ్, కూర్చోండి," అంటూ దూజా లోపలికొచ్చి ఒక నల్లటోపీ అందించింది.

మిఫ్తాహ్ దాన్ని వేళ్లతో తడిమి మూతి విరిచాడు. "గట్టిగా ఉందమ్మాయ్. ధర తగ్గించు."

"గట్టిది కాబట్టే రేపు మీ మనవడూ పెట్టుకుంటాడు. మెత్తగా కావాలంటే దిండు కొనుక్కోండి!"

మిఫ్తాహ్ పకపకా నవ్వాడు. ఎదురు కొట్టు ముసలాయన కేకేశాడు: "నువ్వెళ్లి పడుకో హసూనా! బేరం నీకంటే పిల్లకే బాగా వచ్చు."

మిఫ్తాహ్ ఉన్న నల్లటోపీలన్నీ కట్టించుకుని, వచ్చే ఏటికి ఇంకొన్ని కావాలని చెప్పి వెళ్లాడు. హసూనా కాఫీ హోటలాయనతో, "ఏమనుకోకు నాయనా, ఈ కొట్టు ఇవ్వను," అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"దూజా, మీ అమ్మ ఈ కొట్టు ఎప్పుడూ చూడలేదు కదూ? నేనే తీసుకురాలేదు. వెళ్లి పిలుచుకురా తల్లీ."

జోహ్రా సంకోచంగా గుమ్మం ఎక్కింది. పైకప్పు దాకా పేర్చిన ఎర్రటోపీల్ని కళ్లప్పగించి చూసింది.

"ఇన్ని అల్లామా మనం?"

హసూనా కళ్లు తుడుచుకుని, ఆమె కూర్చోవడానికి పక్కకు జరిగాడు.