పన్నెండో ఇంటి గొంతులు

“ఒక్క కుటుంబాన్ని కూడా రోడ్డున పడెయ్యం. ఖాళీ చేసిన ఆరు నెలల్లో ప్రతి ఒక్కరికీ పక్కా ఇల్లు.”

2006 మే నెలలో భవానీపురం కరకట్ట మీద, షామియానా కింద, ఒక ఆఫీసరు గారు మైకులో అన్న మాట ఇది. ‘ఉండేవాడిదే ఇల్లు’ అని బస్తీ సంఘం వాళ్ళం నినాదాలిస్తుంటే చెయ్యెత్తి ఆపి మరీ అన్నారు. పన్నెండు కుటుంబాలు నమ్మాయి. సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయాయి.

పదకొండు ఇళ్ళు కూలాయి. పన్నెండోది మిగిలింది.

చీకటి పడితే ఆ వైపు ఎవరూ వెళ్ళరు. తలుపుకి తాళం. లోపల మనుషులు లేరు... కానీ ఏడు దాటిందంటే ఆ ఇంట్లో జనం మాట్లాడుకుంటారు. పిల్లలు నవ్వుతారు. గిన్నెలు చప్పుడు చేస్తాయి. కూల్చడానికొచ్చిన మిషను డ్రైవరు ఆ గొంతులు విని, ఆ సాయంత్రమే బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఈ జనవరిలో కంట్రాక్టరు లాజరు అనే మనిషిని అక్కడ రాత్రి కాపలాకి పెట్టాడు. ఇది లాజరు నాకు చెప్పిందే. నేను కలిపిందేమీ లేదు.

మొదటి రాత్రి టీ కొట్టు కట్టేస్తూ కొండలయ్య అడిగాడట.

“మందు అలవాటుందా లాజరూ?”

“మానేశాను. చర్చిలో మాటిచ్చాను.”

“ఈ ఒక్క రాత్రికి ఫాదర్ గారిని అడిగి రాకపోయావా?”

నవ్వి, గొంతు తగ్గించాడట— “అందులో ఒక ముసలమ్మ మాట్లాడుద్ది. అది మెహబూబ్ బీ గొంతు. ఖాళీ చేసిన నాలుగో నెలలో, పటమటలో అద్దె గదిలో పోయింది. పదిహేనేళ్ళు నా కొట్టులో టీ తాగిన మనిషి... నాకు తెలీదా?”

కొండలయ్య వెళ్ళిపోయాడు. లాజరు ఇటుకల గుట్ట మీద కూర్చున్నాడు. నది వైపు నుంచి గాలి.

టక్... టక్... టక్...

ఇంట్లోంచే. తర్వాత ఒక పాప నవ్వు. కిటికీ సందులోంచి సన్నగా నీలం వెలుతురు.

దొంగలైతే తన ఉద్యోగం పోతుంది. దెయ్యమైతే— ఆ రెండోది అతను ఆలోచించలేదు. దొంగలే అనుకుని లేచాడు. తాళం తీసి ఉంది. తలుపు నెట్టాడు.

చీకట్లోంచి ముసలి గొంతు.

“ఎవరయ్యా అది? చెప్పులు బయట విప్పి లోపలికి రా.”

లాజరు విప్పాడు.

ఎందుకు విప్పాడో ఇప్పటికీ చెప్పలేడు. భయం వెయ్యలేదట. అలాగే నడిచాడు. మధ్య గదిలో, నేల మీద, ఒకడు అటు తిరిగి కూర్చుని ఉన్నాడు.

“వేసుకో అన్నా,” అన్నాడతను తిరక్కుండానే. “మా అమ్మ అన్నది నిన్ను కాదు. షామియానా వెయ్యడానికొచ్చిన వాడిని.”

అతను మెహబూబ్ బీ కొడుకు మునీర్. కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని. ముందు ఒక పాత టీవీ. పక్కన టెలిఫోన్ డైరెక్టరీ అంత కంప్యూటరు, మూత ఊడదీసి ఉంది. టక్కుటక్కుమంటున్నది దాని హార్డ్ డిస్కు. అది పాడయ్యేలా ఉందనే ఆ రాత్రి వచ్చాడట.

ఏదో ఆఫీసు వాళ్ళు తుక్కు కింద పారేసిన మిషను అది. ఆఖరి రోజుల్లో అమ్మ మంచం మీంచి లేవలేకపోయేది. మాటిమాటికీ సీడీలు మార్చేవాళ్ళు లేరు. అందుకని పాటలు, సినిమాలు, తమ్ముడు వసీం పెళ్ళి వీడియో అన్నీ దాంట్లోకి ఎక్కించి, టీవీకి కలిపి, రిమోటు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ సినిమాలు చూడలేదు. పెళ్ళి వీడియోలో తను అందరినీ తిడుతుంటే చూసుకుని నవ్వేదట.

ఆవిడ పోయాక ఇళ్ళిచ్చే ఆఫీసు నుంచి కొత్త మాట వచ్చింది. రాత్రి తనిఖీ ఉంటుంది, ఇంట్లో మనుషుల అలికిడి ఉంటేనే పేరు పక్కా ఇళ్ళ జాబితాలో ఉంటుంది అని. ఖాళీ చెయ్యమన్నదీ వాళ్ళే. నీళ్ళ కుళాయి కోసేసిందీ వాళ్ళే. నీళ్ళు లేని ఇంట్లో పిల్లల్ని ఎక్కడ పెట్టుకుంటాడు? మిషన్ని పెట్టాడు. చిన్నది కాబట్టి కరెంటు తక్కువ. రోజూ ఏడింటికి దానంతటదే లేచి, పదకొండింటికి ఆగిపోయేలా చేశాడు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో పెళ్ళి జరుగుతూనే ఉంది. తనిఖీకి ఎవరూ రాలేదు.

“నువ్వు తనిఖీకే వచ్చావా అన్నా?” అని అడిగాడట.

“కాదు బాబూ, కాపలాకి. దొంగని కాదు... కంట్రాక్టరు ఇచ్చిన కాగితం కూడా ఉంది.”

మునీర్ ఆ కాగితం తీసుకుని టీవీ వెలుతుర్లో చదివాడు. మళ్ళీ చదివాడు. టీవీలో వాళ్ళమ్మ ఎవరినో తిడుతోంది.

“ఇది చదివావా అన్నా?”

“సంతకం పెట్టడమే వచ్చు.”

“‘పన్నెండు ఇళ్ళ కూల్చివేత 14-3-2007న పూర్తయింది. శిథిలాలు పోకుండా రాత్రి కాపలా.’”

లాజరు తలెత్తి కప్పు వైపు చూశాడు.

మునీర్ గొంతులో కోపం లేదట. ఏడుపూ లేదట. ఏమీ లేదట.

“మరి... మనం ఎక్కడ కూర్చున్నాం అన్నా?”

ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది. కూలిపోయిన ఇంటికి వచ్చిన డిసెంబరు కరెంటు బిల్లు కూడా ఉంది. మునీర్ ఏమీ అడగనన్నాడు. అడుగుతున్నది నేను, ఆఫీసరు గారూ: ఆ కుటుంబం పేరు జాబితాలో ఉందా, లేదా? జవాబు రాతలో కావాలి. పన్నెండో నంబరు ఇంటికే పంపండి, పోస్ట్‌మ్యాన్‌కి ఆ ఇల్లు తెలుసు. గడువు 2009 ఫిబ్రవరి 28.