నీడలు బాగున్నాయి

"పాస్‌పోర్ట్ ఫొటో కావాలి. నవ్వకుండా."

స్టూడియో గుమ్మంలో ఒకావిడ. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులు, తెల్లటి గ్లవ్స్.

"నవ్వేవాళ్లు ఇక్కడికి రారు," అన్నాడు అతను.

కోడ్ కలిసింది. ఆమె హెడ్‌క్వార్టర్స్ కొరియర్.

డిపార్ట్‌మెంట్ ఫైళ్లలో అతని పేరు నీడ. మూడేళ్లుగా ఈ స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోలు తీస్తూ, మేడ మీది గదిలో ఒక్కడే వండుకు తింటూ, కనిపెట్టమన్న వాళ్లను కనిపెడుతున్నాడు. నెలకో ఫిల్మ్ రోల్ పంపిస్తాడు. ల్యాబ్ నుంచి ఒక చీటీ వస్తుంది: 'నీడలు బాగున్నాయి.' అంతే. ఆడవాళ్ల దస్తూరీలా ఉంటుంది. నిజంగా చూసి రాస్తుందో, అలవాటు కొద్దీ రాసి పడేస్తుందో తెలియదు. అయినా ముప్ఫై ఆరు చీటీలూ దాచుకున్నాడు.

కొరియర్ తలుపు గడియ పెట్టింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీసింది.

ఇలాంటి అసైన్‌మెంట్ అతనికి ఎప్పుడూ రాలేదు. పదకొండింటికి ఎదురు కేఫ్‌లో రేవు ఇంజనీరు కాఫీ తాగుతాడు. విదేశీ ముఠా మనిషి ఒకడు అతని చేతికి కవరు ఇస్తాడు. ఇంజనీరు కవరు మీది పేరు చూసి, తనది కాదని తిరిగి ఇచ్చేస్తాడు.

"తీసుకునేటప్పుడు ఫొటో తియ్యి. తిరిగిచ్చేది మాకు అక్కర్లేదు."

ఆ ఫొటో చూడగానే ఇంజనీరు అరెస్టు. నాలుగింటికి రేవు రక్షణ ప్లాన్లున్న సేఫ్ తాళాలు అతని డిప్యూటీకి అందుతాయి. డిప్యూటీ కూడా ఆమె లాగే ముఠా మనిషే.

"ఆ ఫొటో మీరే తీసుకోవచ్చుగా?"

"నువ్వు సీలు వేసిన రోల్‌ను తప్ప హెడ్‌క్వార్టర్స్‌లో నమ్మరు."

అతను కిటికీ దగ్గర కెమెరా నిలబెట్టాడు. ఎదురుగా ఎండకు మెరుస్తున్న కేఫ్ తెల్లగోడ. లోపల మసక మూలలో ఇంజనీరు టేబుల్. నాలుగొందల స్పీడు ఫిల్మ్ అయితే అతను డయల్‌ను రెండొందల మీద పెడతాడు. నీడ పట్టున వెలుగు కొలిచే మీటర్ రీడింగ్ తీసుకుంటాడు. కలర్ నెగటివ్ వెలుగు ఎక్కువైనా భరిస్తుంది. తక్కువైతే నీడల్లో బురద రంగు, గరుకు తప్ప ఏమీ మిగలదు.

ఇవాళ డయల్‌ను నాలుగొందల మీదే ఉంచాడు. మీటర్‌ను తెల్లగోడ వైపు తిప్పాడు. అంత మెరుపు చూస్తే మీటర్ కెమెరాలోకి వెలుగు తగ్గించమంటుంది.

ఆమె వంగి చూసింది. డబ్బా మీద నాలుగొందలు, డయల్ మీద నాలుగొందలు. మీటర్ ఎంత చూపిస్తే కెమెరాలో అంతే. తలాడించింది.

కవరు చేతులు మారింది. షట్టర్ మూడుసార్లు పడింది. సీలు వేసిన రోల్‌ను ఆమె డ్రైవర్ పట్టుకెళ్లాడు.

తర్వాత గడియారం తప్ప ఇంకేమీ కదల్లేదు. ఆమె నల్ల కళ్లద్దాలు తీసి బ్యాగ్‌లో పెట్టుకుని, స్టూడియో లైట్ల ముందు స్టూలు మీద కూర్చుంది.

"నాలుగు దాటాక నీతో పనిలేదు. నువ్వు పోయినా ఏడ్చేవాళ్లు లేరులే."

మధ్యాహ్నం నుంచీ అతనూ అదే లెక్క వేసుకుంటున్నాడు.

నాలుగుకు రెండు నిమిషాలుండగా తలుపు చప్పుడైంది. ఆమె పిస్టల్‌ను బ్యాగ్ చాటుకు జరిపి, తియ్యమని సైగ చేసింది. గొడుగుతో ఒక ముసలాయన. తెల్ల మీసం.

"ఫొటో కావాలి బాబూ. కాస్త వెలుగు దండిగా పడేట్టు తియ్యి."

నీడ ఫ్లాష్ స్విచ్ నొక్కాడు. నాలుగు ఫ్లాష్‌లూ ఒకేసారి ఆమె మొహాన పేలాయి. కళ్లద్దాలు బ్యాగ్‌లో ఉన్నాయి. గొడుగు దెబ్బకు పిస్టల్ కింద పడింది. మీసం ఊడదీస్తే ఆపరేషన్స్ ఆఫీసరు.

ఫోన్ మోగింది. ఆఫీసరు విని పెట్టేశాడు. ఇంజనీరు అరెస్టయ్యాడనుకుని తాళాల కోసం డిప్యూటీ చాచిన చేతికే బేడీలు పడ్డాయట.

"అరెస్టు ఆర్డరు మీద చీఫ్ సంతకం పెట్టబోతుంటే మన ల్యాబ్ ఆవిడ కాగితం లాగేసుకుంది," అన్నాడు. "ఈ మనిషి చస్తే వెలుగు వైపు మీటర్ తిప్పడు, పక్కన ఎవరో ఉన్నారు, ముందు అక్కడికి వెళ్లండి అని ఒకటే గోల."

బేడీలతో ఆమె ఇంకా కళ్లు నులుముకుంటోంది. "మీటర్ సరిగ్గానే ఉందిగా?"

"దానిదేం తప్పు లేదండీ. తిప్పింది నేను."

వెళుతూ ఆఫీసరు ఒక చీటీ ఇచ్చాడు. అదే దస్తూరీ.

'నీడలు అస్సలు బాగాలేవు. మీరెలా ఉన్నారు?'

ఖాళీ స్టూడియోలో నీడ దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. జన్మలోకెల్లా చెత్త రోల్ తీస్తేగాని ఆవిడ రెండో వాక్యం రాయలేదు.