బొరియకు అడ్డం పెట్టిన రాయి

అమ్రాబాదు అడవి అంచున, నిజాం కాలంలో, ఎల్లేశం గొర్రెల మందతో మకాం వేశాడు. పొద్దు గూకుతోంది. ముళ్లకంప దడి లోపల గొర్రెలు తీరిగ్గా నెమరు వేస్తున్నాయి. అక్క నర్సింగమ్మ పొయ్యి మీద జొన్న గట్క పెట్టి, కుండ పట్టుకొని వాగుకు దిగింది.

"పొయ్యి ఆరనిస్తివో, నీ వీపు మీద వండుత!" అన్నది పోతూ పోతూ.

నాలుగు నెలల్లో ఆమె నవ్వి మాట్లాడటం అదే మొదలు. ఎందుకో చెబుతాను.

మంద మీద పడే తోడేళ్ల పిల్లల్ని పట్టడానికి, గొర్రెలు కాసే కురుమలు ఇద్దరేసి పోయేవారు. ఒకడు బొరియలోకి పాకుతాడు. రెండోవాడు బయట కాచుకొని, కేక వినగానే కాళ్లు పట్టి లాగాలి. లోపలివాడి ప్రాణం బయటివాడి చేతుల్లో ఉన్నట్టే కదా. నాలుగు నెలల కింద అట్లా పాకినవాడు నర్సింగమ్మ పెనిమిటి సోమన్న, బయట కాచినవాడు ఎల్లేశం. తల్లి తోడేలు లోపలే ఉంది.

"లాగు బామ్మర్దీ!"

ఎల్లేశం లాగలేదు. భయంతో బొరియకు రాయి దొర్లించి పరుగెత్తాడు. బావను పులి ఎత్తుకుపోయిందని అక్కతో చెప్పాడు.

ఇప్పుడు చీకటి చిక్కబడింది. కుక్క లేచింది. మొరగలేదు. తోక ఊపుతూ దడి దగ్గరికి పోయింది. గొర్రెలు కూడా అటే కదిలాయి. గొర్రె తన మనిషిని గొంగడి వాసనతో గుర్తుపడుతుంది. ఎల్లేశానికీ ఆ వాసన తగిలింది. తడిసిన ఉన్ని... దాని కింద పచ్చిమాంసం...

దడి అవతల, గొంగడి ముసుగులో ఎవరో ముంజేతులు నేలకు ఆన్చి కూర్చున్నారు.

"బామ్మర్దీ... మీ అక్కకు ఏం చెప్పినవ్?"

"పు... పులి..."

"గిప్పుడన్న నిజం చెప్పు. అగో, వస్తాంది. చెప్తే నేను పోత."

వాగు గట్టు మీద అక్క కడియాల చప్పుడు. ఒక్క మాట చాలు. ఎల్లేశం పెదవులు కదిలాయి. మళ్లీ నవ్విన అక్క ముఖం గుర్తొచ్చింది.

"పులే బావా..." అని గొణిగాడు.

గొంగడి జారింది. కూర్చున్నది లేచింది... రెండు కాళ్ల మీదే. పొయ్యి వెలుగులో బూడిదరంగు బొచ్చు. దడి మీద గోళ్లు.

ఎల్లేశం గొర్రెపిల్లల్ని మూసే రాతిగూటిలోకి పాకాడు. పిల్లల్ని ఇంకా తోలలేదు, గూడు ఖాళీ. కానీ దాని మూత బండ... బయటే ఉంది.

గరగర...

వెలుతురు పోయింది.

"అక్కా! లాగు!"

అతని వెనక, గూటి లోపలి మూలలో, ఎవరో ఊపిరి పీల్చారు.

రాత్రంతా నర్సింగమ్మ ఒక్కతే తోసినా కదలని ఆ బండను, తెల్లారి నలుగురు కట్టెలు కొట్టేవాళ్లు కలిసి తీశారు. లోపల ఎముక లేదు, నెత్తురు చుక్క లేదు. రెండు గొంగళ్లు ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయి. దడిలో గొర్రె ఒక్కటీ పోలేదు.

మందను విడిచి పోలేక నర్సింగమ్మ ఆ మాపు కూడా అక్కడే ఉంది. పొద్దు గూకింది. కుక్క లేచింది. మొరగలేదు.

"అక్కా... జర దడి తియ్యి."

తమ్ముడి గొంతే.

కుక్క ముందు అటువైపు తోక ఊపింది. ఆ తర్వాత మెల్లగా తల తిప్పి, ఆమె వెనకవైపు చూసి మళ్లీ ఊపింది.